గంజి కోసమేనా? – ఒంగోలు, ధాత కరువు, మన బకింగ్‌హామ్ కాలువ



పోయిన నెల మన గ్రూపులో ఒకరు పులికాట్ దగ్గర తీసిన బకింగ్‌హామ్ కాలువ ఫోటో పెట్టారు. పాతకాలపు పడవలు, ఉప్పు, కట్టెలు అంటూ మంచి మాటలే నడిచాయి. అంతలో ఒకరు, "ఈ కాలువ తవ్వినప్పుడే మనవాళ్ళు వేలమంది గంజి కోసం మతం మారారు" అని రాశారు. నవ్వు బొమ్మలు నాలుగు పడ్డాయి. మన సంఘంలో ఉన్న క్రైస్తవ కుటుంబాల వాళ్ళు మాత్రం ఆ రోజు నుంచి గ్రూపులో మాట్లాడలేదు. ఉగాది చందా పంపారు, మాట పంపలేదు.

ఆ రాత్రి మేము జవాబు రాయలేదు. కోపంలో రాసిన జవాబు తెల్లారితే చెడిపోతుంది. నెల రోజులు పాత పుస్తకాలు తిరగేసి ఇప్పుడు రాస్తున్నాం. పొడుగైనా ఓపికగా చదవండి.

ముందే ఒక మాట. మేము క్రైస్తవులం కాము. ఆడి మాసం వస్తే మా ఇంటి ఆడవాళ్ళు భవానీ అమ్మవారికి వేపాకు చీర మొక్కు తీర్చుకునేవాళ్ళే. బళ్ళో చదివింది అంతా అరవమే. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర పెద్ద బాలశిక్షలో దిద్దుకున్నాం, మిగతాది గూడూరు లైనులో స్టేషను బోర్డులు నేర్పాయి. కాబట్టి భాషలో తప్పులుంటే మన్నించండి. లెక్కలో తప్పు మాత్రం రానివ్వం. ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే గుమాస్తా పని చేసినవాళ్ళం.

ఇక కథకు వద్దాం.

అమెరికా బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే అనే ఆయన 1836లో తెలుగు దేశానికి వచ్చాడు. కొన్నేళ్ళు మన మద్రాసులోనే ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచాయి గానీ చేరినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈ పని మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి మూడుసార్లు చర్చ జరిగింది. 1853లో అలాంటి చర్చలో, పటం మీద ఒకే ఒక్క చుక్కగా కనబడే నెల్లూరిని ఒకరు ఒంటరి నక్షత్రం అన్నారట. అది విని శామ్యూల్ స్మిత్ అనే కవి రాత్రికి రాత్రే ఒక పద్యం రాశాడు. మరునాడు అది చదివాక మూసే మాట ఆగిపోయింది. అప్పటినుంచి ఆ మిషనుకు ఒంటరి నక్షత్రం అనే పేరే నిలిచిపోయింది.

అప్పటికి నెల్లూరులో ఉన్నది లైమన్ జూవెట్ దంపతులు. 1854 జనవరి 1 తెల్లవారుజామున వాళ్ళిద్దరు, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు మనవాళ్ళు, మొత్తం ఐదుగురు ఒంగోలు పక్కన చిన్న కొండెక్కి ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

వచ్చినవాడు జాన్ క్లౌ. 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. పాదిరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని నేర్చినవాడు. గొలుసు పట్టుకుని నేల కొలవడం తెలిసిన మనిషి. ఆ చదువు తర్వాత ఎక్కడ పనికొచ్చిందో ముందు ముందు చెబుతాం.

కానీ ఈ కథ క్లౌది కాదు. మేము చెప్పాలనుకున్నది ఎర్రగుంట్ల పేరయ్య గురించి.

పేరయ్యది ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ళ దూరాన ఉన్న తాళ్ళకొండపాడు. మాదిగ కులం. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. చదువు లేదు గానీ జ్ఞానం కోసం తపించినవాడు. యోగ మార్గం చెప్పే గురువుల దగ్గర ఏళ్ళ తరబడి సాధన చేశాడు. తానే నలుగురికి గురువయ్యాడు కూడా. వ్యాపారం మీద ఉత్తరాదికి, ఏలూరు వైపుకు పోయినప్పుడు అక్కడ అలెగ్జాండర్ అనే ఇంగ్లీషు పాదిరీ మాట విన్నాడు. ఇదే నేను వెదుకుతున్నది అనుకున్నాడు. మీ ఒంగోలుకూ ఒక పాదిరీ వస్తాడని అక్కడ తెలిసింది. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు.

గమనించండి. అది కరువు సంవత్సరం కథ కాదు. ధాత కరువుకు పదేళ్ళ ముందటి మాట. పేరయ్యకు ఎవరూ గంజి పోయలేదు. ఆయనే ఊరూరా నడిచి తనవాళ్ళకు చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం పెట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు పోతే, పేరయ్య చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను చింతతోపులో కూర్చోబెట్టి ఉంచాడు. కొన్నాళ్ళు అక్కడే ఉండి మాట్లాడాక ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. చేరినవాళ్ళకు క్లౌ చెప్పిన నియమాలు పెద్ద శాస్త్రమేమీ కాదు, మూడే మూడు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు.

మనం ఇది చదివి, ఇందులో ఏముంది కష్టం అనుకుంటాం. ఆనాటి పల్లెలో మాదిగవాడలో కూర్చుని ఒకసారి లెక్కవేసి చూడండి.

మొదటిది ఆదివారం. మాదిగలకు సొంత భూమి లేదు. రెడ్డిగారి పొలంలో పని, కపిల బావికి తోలు బాన కుట్టడం, ఊరందరికీ చెప్పులు కుట్టడం. దానికి కూలి రోజువారీ కాదు, పంట ఇంటికొచ్చాక కళ్ళంలో కొలిచే గింజలు. కోతల కాలంలో ఆదివారం రానంటే ఆ ఒక్క రోజు కూలి పోవడంతో ఆగదు. కళ్ళంలో తన వంతే పోతుంది. ఏడాది తిండి పోతుంది.

రెండోది చచ్చిన పశువు. ఊళ్ళో గొడ్డు చస్తే తోలు, మాంసం మాదిగలవి. అది వాళ్ళ హక్కు అని ఊరు అనేది. చాలా ఇళ్ళలో అదే కూర. అది తిననంటే కంచంలోంచి ముద్ద తీసేసుకున్నట్టే. అంతేకాదు, మీకు రాసిపెట్టిన పని మీరు చేయరా అనే కోపం కూడా ఊరికి వస్తుంది.

మూడోది మొక్కడం. ఇక్కడ పెరియపాళయంలో ఉన్నవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. తప్పెట లేకుండా జాతర ఉందా? ఆ తప్పెట కొట్టేది ఎవరు? ఆంధ్రలో మాదిగలు, ఇక్కడ పరయర్లు. ఊరి అమ్మవారికి జాతర జరుగుతుంటే తప్పెటవాడు రాను అన్నాడంటే, ఊరి పెద్దలకు అది వాడి సొంత భక్తి సంగతిగా కనబడదు. వాన రాకపోయినా, అమ్మోరు సోకినా వాడి నెత్తినే పడుతుంది.

అలాగే పడింది కూడా. రెడ్లు, కరణాలు కలిసి వాళ్ళను కట్టడి చేసిన ఊళ్ళు చాలా ఉన్నాయని క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పొలం పని ఆపేశారు. నీళ్ళకు పోనివ్వలేదు. గొడ్లను మేతకు రానివ్వలేదు. వెట్టి పనికి పట్టుకుపోయారు. దొంగ కేసులు పెట్టించి కచేరీకి తిప్పారు. పేరయ్యలాంటివాళ్ళు చెప్పింది ఒకటే: తిరిగి కొట్టవద్దు, తప్పెట మాత్రం కొట్టవద్దు.

ఇక్కడ మేము ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ చరిత్ర చదివేటప్పుడు మనం అలవాటుగా పేరయ్య పక్కన నిలబడతాం. మంచివాడి పక్కన నిలబడటం సుఖం. కానీ మనలో చాలామంది తాతముత్తాతలు ఆ రోజు బావి గట్టు మీద, కర్ర పట్టుకుని ఉన్న వైపున ఉన్నారు. మా చిన్నతనంలో కూడా తప్పెట కొట్టేవాళ్ళు గుడి బయట వీధి చివర నిలబడి కొట్టడం చూశాం. వాళ్ళకు ప్రసాదం ఆకులో పెట్టి నేల మీద జరిపేవాళ్ళు. ఎందుకు అని అప్పుడు అడగలేదు. వాళ్ళలో ఒకడు రాను అంటే ఏమై ఉండేదో అరవై దాటాక ఇప్పుడు ఆలోచిస్తున్నాం.

క్లౌ కూడా ఒక సుఖం వదులుకున్నాడు. ఒంగోలులో ఆయన పెట్టిన బడికి బ్రాహ్మణుల పిల్లలు, పెద్ద కులాల పిల్లలు వచ్చేవాళ్ళు. ఊరి పెద్దలకు ఆయనంటే గౌరవం ఉండేది. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలను పంపము అన్నారు. పెద్దలు చేరితే ఊరంతా చేరుతుందని అప్పటి పాదిరీల ఆశ. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరంలోని ఒకే భాగం కంటపడిందని క్లౌ రాశాడు. లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎంచుకుంటాడు అనే భావం ఉన్న భాగం. మరునాడు జవాబు చెప్పారు. మాదిగలు లోపలికి వచ్చారు, పెద్దింటి పిల్లలు బయటికి పోయారు.

అరవం చదివిన మనకు దేవసహాయం పిళ్ళై కథ తెలుసు. తిరువిదాంగూరు రాజ్యంలో మార్తాండ వర్మ రాజు కొలువులో ఉద్యోగి. 1745లో వడక్కన్‌కుళంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి హింసించి 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండ మీద కాల్చి చంపారు. 2022 మే 15న రోములో ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆయనది ఒక్కసారి ప్రాణం ఇచ్చిన త్యాగం. దానికి గుడి ఉంది, పండుగ ఉంది. తాళ్ళకొండపాడు చుట్టుపక్కల వాళ్ళది రోజూ కొంచెం కొంచెంగా ఇచ్చిన త్యాగం. ఈ రోజు కూలి, రేపు నీళ్ళు, ఎల్లుండి పిల్లవాడి కూడు. దానికి గుడి లేదు. వాళ్ళలో చాలామంది పేర్లు కూడా మనకు మిగల్లేదు. ఏది పెద్దది అని తూకం వేయడం మాకు చేతకాదు. రెండూ ఒకే రకం ధైర్యం అనిపిస్తుంది.

ఇక కరువుకు వద్దాం. గ్రూపులో వచ్చిన మాట దీని గురించే కదా.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో చాలా భాగంలో పడిన కరువు అది. తెలుగువాళ్ళు ధాత కరువు అన్నారు, అరవంలో తాదు వరుష పంజం అంటారు. రెండూ ఆ సంవత్సరం పేరే. మన దక్షిణ భారతంలో, పక్క ప్రాంతాల్లో కలిపి యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలు అని తగ్గించాడు. అంటే అరకిలో కంటే తక్కువ. అది తిని మట్టి మోయాలి. మద్రాసు వైద్యాధికారి కార్నిష్ ఇది చాలదని గట్టిగా వాదించాడు.

అప్పటికే మద్రాసు నుంచి ఉత్తరానికి ముక్కలు ముక్కలుగా ఉన్న కాలువను కలపడం కరువు పనిగా పెట్టారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి వచ్చింది. మన ఆరణి ఏరు పులికాట్ వైపు పోయి కలిసే చోట ఆ కాలువనే చూస్తున్నాం. ఇదే కాలువ అక్కడ ఒంగోలు పక్కనా పోతుంది.

ఒంగోలు వైపు కాలువ పనిలో మేస్త్రీల తిట్లు, దెబ్బలు భరించలేక మాదిగలు క్లౌ దగ్గరికి వచ్చి ఏడ్చారు. ఆయన సర్వే చదువు ఇక్కడ పనికొచ్చింది. సర్కారు దగ్గర మూడున్నర మైళ్ళ కాలువ పని కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించి, బావులు తవ్వించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి పని చేశారు. అన్ని కులాలవాళ్ళూ వచ్చారు. తవ్విన మట్టికి లెక్క ప్రకారం కూలి ఇచ్చారు. అది దానం కాదు, కూలి. మధ్యాహ్నం కాసేపు కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు.

ఇప్పుడు మా గుమాస్తా బుద్ధి చూపిస్తాం. గూడ్సు ఆఫీసులో తగాదా వస్తే మేము మనిషి ముఖం చూడం, తేదీలు చూస్తాం. సరుకు ఎప్పుడు బుక్ అయింది, ఎప్పుడు డెలివరీ అయింది. రెండు తేదీలు పక్కపక్కన పెడితే సగం తగాదా తీరిపోతుంది.

ఈ కథలో తేదీలు ఇవి. కరువుకు ముందే ఒంగోలు సంఘం మూడు వేలు దాటింది. కరువు ముదిరి, కూలి, గింజలు క్లౌ చేతుల మీదుగా నడుస్తున్న రోజుల్లో, 1877 మార్చి నుంచి సుమారు పదిహేను నెలలు ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళను కూడా ఆపాడు. ఎవరు ఏ కారణంతో వస్తున్నారో తేల్చుకోలేనని భయం. 1878 నడిమికి కరువు సాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు అని బోధకుల చేత ఊరూరా చెప్పించాడు. సంగతులు మాట్లాడటానికి వెల్లంపల్లికి విశ్వాసులు మాత్రం రండి, మిగతావాళ్ళను తీసుకురావద్దు అన్నాడు.

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ ఊరికి వేలమంది వచ్చారు. సాయం ఏమీ లేదు, వెళ్ళిపోండి అన్నాడు. వాళ్ళు పోలేదు. మాకు సాయం వద్దు, మా చేతుల బొబ్బలు చూడు, పని చేసుకుని బతికాం, ఇకముందూ చేసుకుంటాం, వచ్చే పంట పోతే చస్తాం, చచ్చేది క్రైస్తవులుగా చస్తాం అనే అర్థం వచ్చేలా మాట్లాడారని క్లౌ రాశాడు.

1878 జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కూడితే మూడు రోజుల్లో 3,536. జూలై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఏట్లో నిలబడ్డారు. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు, గట్టున నిలబడి పేర్లు సరిచూశాడు. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవాళ్ళు తొమ్మిది వేలు దాటారు.

గంజి కోసమే అయితే గంజి పోసిన రోజుల్లో చేరాలి. ఇవి గంజి ఆగిపోయాక వచ్చిన తేదీలు.

కరువుకు సంబంధమే లేదని మేము అనడం లేదు. అలా అంటే అదీ అబద్ధమే. చావు బతుకుల మధ్య తమను మనుషులుగా చూసి, తిట్టకుండా, కొలత మోసం చేయకుండా కూలి ఇచ్చినవాళ్ళ మాట మీద గురి కుదిరింది. ఒకే కులంవాళ్ళు, చుట్టాలు కలిసికట్టుగా వచ్చారు కాబట్టి ఒకరిని చూసి ఒకరు వచ్చినవాళ్ళూ ఉంటారు. ఏ వేలమంది గుంపులోనైనా అన్ని రకాలూ ఉంటాయి. మన కొండల మీదికి మొక్కు తీర్చుకోవడానికి పోయే గుంపులో లేవా? కానీ మొత్తం గుంపుకు "గంజి" అని ఒకే లేబులు అంటించడం లెక్క కాదు. ఒకరు కడుపు నిండాక మర్యాద కోసం గుడికి పోతే దాన్ని భక్తి అంటాం. ఇంకొకరు కడుపు కాలుతూ దేవుణ్ణి పట్టుకుంటే దాన్ని గంజి అంటామా?

ఇంకొకటి. చేరితే సుఖం వచ్చిందా? తిరిగి పల్లెకు పోతే అదే రెడ్డి, అదే కరణం, అదే బావి. మూడు నియమాలు అవే. ఆ నష్టం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాలవాళ్ళు క్రైస్తవులైతే ఆ హోదా పోతుంది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రలో వాళ్ళను బీసీ-సీ కింద, ఇక్కడ తమిళనాడులో బీసీ కింద పెట్టారు. ఆ ఉత్తర్వు మంచిదా చెడ్డదా అనే వాదన ఇక్కడ పెట్టడం లేదు, మన సంఘం రాజకీయ వేదిక కాదు. కానీ సర్టిఫికెట్లో ఒక్క మాట మారిస్తే ఉద్యోగం అందుతుందని తెలిసి, ఆ మాట మార్చుకోని ఇళ్ళు ఉన్నాయి. మాతో రైల్వేలో పని చేసిన ఒకాయన ఇల్లు అలాంటిదే. కొడుకు ఇంటర్వ్యూ దాకా పోయి వెనక్కి వచ్చాడు. మేము ఆయనతో, కాగితం మీద మార్చుకుంటే ఏం పోతుంది సార్ అన్నాం. ఆయన టీ తాగుతూ, "మా ముత్తాత తప్పెట కింద పెట్టి వచ్చాడండీ, నేను పెన్ను కింద పెట్టలేనా" అన్నాడు. అప్పుడు ఆ మాట మాకు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాం. ఈ పుస్తకాలు చదివాక అర్థమైంది.

ఒంటరి నక్షత్రం మన దగ్గరికీ వచ్చింది. ఆ 1878లోనే జూవెట్ మద్రాసుకు మారి ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టాడు. కాబట్టి మన సంఘంలో ఉన్న క్రైస్తవ కుటుంబాలు ఎక్కడినుంచో వచ్చి పడినవాళ్ళు కారు. అరవ దేశంలో తెలుగు నిలబెట్టిన వాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. మేము తెలుగు చదవడానికి తడుముకుంటున్న వయసులో వాళ్ళ ఇళ్ళలో పిల్లలు బైబిలు, కీర్తనలు తెలుగులో గడగడా చదివేవాళ్ళు. అది మేము కళ్ళారా చూసినది.

ఆ మాట రాసిన సభ్యుడి మీద మాకు కోపం లేదు. ఆయన రాసింది ఆయన పుట్టించిన మాట కాదు, మనమంతా చిన్నప్పటినుంచి విన్నదే. నవ్వు బొమ్మ పెట్టిన నలుగురిలో మేమూ ఒకరం. అవును, మేమూ పెట్టాం. అలవాటుగా వేలు తగిలింది. అది తీసేశాం గానీ, చూసినవాళ్ళు చూశారు. అందుకే ఈ వ్యాసం ఇంత పొడుగైంది.

ఉగాది నాడు పచ్చడి పంచేటప్పుడు ఆ కుటుంబాలను మేమే ఇంటికి పోయి పిలుస్తాం. ఎవరైనా తోడొస్తే సంతోషం. అమ్మవారు మాకు అమ్మవారే. ఇంకొకరు తమ దేవుడి కోసం కూలి, నీళ్ళు, ఉద్యోగం వదులుకుంటే చేయెత్తి దండం పెట్టడానికి మన మతం అడ్డు రాదు.

తేదీల్లో, ఊళ్ళ పేర్లలో తప్పుంటే పెద్దలు దిద్దండి. ఒంగోలు వైపు చుట్టాలున్నవాళ్ళు అక్కడ విన్న సంగతులు రాయండి. నవ్వు బొమ్మలు మాత్రం ఈసారికి వద్దు.

ఇట్లు,
మీ సంఘ సభ్యులం,
పెరియపాళయం